వాగ్దానం కార్డు ఒక్కటే చాలదు... హితబోధ కావాలి!

డిసెంబర్ 31. రాత్రి పదకొండున్నర. చర్చి కిటకిటలాడుతోంది. బయట షామియానా కింద కూడా చాపలు పరిచారు. పన్నెండు కొట్టగానే ప్రార్థన, హ్యాపీ న్యూ ఇయర్, తలా ఒక కేకు ముక్క. ఆ తర్వాత అందరి కళ్లూ ఒక స్టీలు పళ్లెం మీదే. అందులో వాగ్దానం కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి.

మీరూ తీసే ఉంటారు. యిర్మీయా 29:11 మీకూ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. దేవుడు మన మేలే కోరుతున్నాడని, ముందు మంచి రోజులున్నాయని ధైర్యం చెప్పే వచనం అది. ఇంటర్ సెకండియర్‌లో నాకు అదే వచ్చింది. పర్సులో దాచుకున్నాను. ఎంసెట్‌లో మంచి ర్యాంకు ఖాయం అనుకున్నాను. రాలేదు. దేవుడు మాట తప్పాడనుకున్నాను. నాలుగు నెలలు బైబిల్ ముట్టలేదు.

దేవుడు మాట తప్పలేదు. నేనే ఆ వచనానికి ఒక్క లైను పైన ఏముందో చదవలేదు. 10వ వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది! బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని అబద్ధ ప్రవక్తలు ఆశపెడుతున్న రోజులవి. యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. ఆ వాగ్దానం నిజమే. కాకపోతే అది ఓపికను నేర్పే వాగ్దానం. నేను దాన్ని ర్యాంకు కార్డు చేసుకున్నాను.

ఆరోజు నాకు విశ్వాసం తక్కువ కాలేదు. బోధ తక్కువైంది. మీ జీవితంలోనూ ఇలాంటి సందర్భం వచ్చిందా? అయితే ఈ వ్యాసం మీ కోసమే.

హితం అంటే ఆరోగ్యం

డాక్ట్రిన్ అనగానే చాలామంది భయపడతారు. "అదంతా పాస్టర్లకు, థియాలజీ చదివేవాళ్లకు. మనకు ప్రేమ, ప్రార్థన ఉంటే చాలు" అంటారు. ఆగండి. మన తెలుగు బైబిల్ దానికి ఎంత చక్కని మాట వాడిందో చూడండి. హితబోధ!

హితం మనకు కొత్త మాట కాదు. ఒంటికి ఏది హితం, ఏది అహితం అని మన వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పౌలు తిమోతికి, తీతుకు రాసినప్పుడు వాడిన గ్రీకు మాట కూడా ఆరోగ్యానికి సంబంధించినదే. ఇంగ్లిష్‌లో హైజీన్ అనే మాట ఆ కుదురు నుంచే వచ్చింది. అంటే హితబోధ ఆత్మకు ఆరోగ్యాన్నిచ్చే ఆహారం. రుచి కోసం తినేది వేరు, ఒంటికి పట్టేది వేరు.

రుచి మరిగితే ఏమవుతుందో కూడా పౌలు చెప్పాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక 4వ అధ్యాయం తీయండి. జనం హితబోధను భరించలేక, తమకు నచ్చింది చెప్పే బోధకులను పోగేసుకునే కాలం వస్తుందని రాశాడు. మన సంఘాల్లో దీన్నే 'దురద చెవులు' అంటాం. ఈరోజు ఆ దురద తీర్చడానికి మన చేతిలో ఫోన్ కూడా ఉంది. నచ్చకపోతే స్వైప్!

ఆరోగ్యవరం నేర్పే పాఠం

మన ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. పేరులోనే ఆరోగ్యం ఉంది. పలు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి 1915లో అక్కడ టీబీ శానిటోరియం తెరిచాయి. దానికి మొదటి సూపరింటెండెంట్ డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మొల్లర్.

అప్పటికి టీబీకి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మరి రోగులను ఎలా చూసుకునేవారు? క్రమశిక్షణతో. మంచి గాలి, మంచి తిండి, పడుకునే వేళకు పడుకోవడం, లేచే వేళకు లేవడం. ఒక్కరోజులో అద్భుతం కనిపించదు. నెలలు గడవాలి. ఒంటిని నిలబెట్టేది ఆ దినచర్యే.

ఇప్పుడు మందులున్నాయి. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. అయినా ప్రమాదం ఎక్కడుందో తెలుసా? కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. "బాగైపోయాను" అని రోగి మందు మానేస్తాడు. లోపల మిగిలిన క్రిమి మొండికేస్తుంది. రెండోసారి అదే మందు పనిచేయకపోవచ్చు.

సగం బోధ కూడా అంతే. ఆశీర్వాదం గురించి విన్నాం, శ్రమ గురించి వినలేదు. కృప గురించి విన్నాం, పవిత్రత గురించి వినలేదు. స్వస్థత గురించి విన్నాం, పౌలు శరీరంలోని ముల్లు గురించి వినలేదు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. కష్టం తిరగబెట్టినప్పుడు అదే వాక్యం మీద మనసు మొండికేస్తుంది. "ఇదంతా ట్రై చేశానన్నా, వర్కవుట్ కాలేదు" అనే యువకులను నేను చాలామందిని చూశాను. వాళ్లు వాక్యాన్ని పూర్తిగా ట్రై చేయలేదు. కోర్సు మధ్యలో ఆపేశారు.

ఫుల్ కోర్సు తీసుకోండి. ఇదే ఈ వ్యాసంలో మొదటి మాట, చివరి మాట.

టమోటా తోటలో కట్టె

"రూల్స్, సిద్ధాంతాలు మనిషిని కట్టేస్తాయి కదా?" మంచి ప్రశ్న. మదనపల్లె చుట్టుపక్కల ఏ టమోటా తోటకైనా వెళ్లి చూడండి. వరుసగా కట్టెలు నాటి, తీగలు లాగి, ఒక్కో మొక్కనూ దారంతో పైకి కట్టి ఉంటారు. ఎందుకని ఒక రైతును అడిగాను. ఆయన ఒక కాయను అరచేతిలోకి తీసుకుని అడుగు భాగం చూపించాడు. "కట్టె లేకుంటే కాయ నేలకు తగులుతాదప్పా. తగిలినకాడ కుళ్లిపోతాది" అన్నాడు.

కట్టె కాయ కాయదు. మొక్కే కాస్తుంది. కానీ కాసిన కాయను మట్టిలో పడకుండా నిలబెట్టేది కట్టె. మీ ప్రేమ, మీ ప్రార్థన, మీ సేవ, అన్నీ కాయలే. వాటిని నిలబెట్టే కట్టె హితబోధ.

బోధ నుంచి అలవాటుకు

తీతు పత్రిక 2వ అధ్యాయం చూడండి. హితబోధకు తగినది చెప్పమని మొదలుపెట్టిన పౌలు వెంటనే ఏం మాట్లాడాడు? పెద్దాయనలు నిబ్బరంగా ఉండాలి, పెద్దమ్మలు చాడీలు చెప్పకూడదు, తాగుడుకు లొంగకూడదు, కుర్రాళ్లు మనసును అదుపులో పెట్టుకోవాలి అన్నాడు. అంటే మన నాలుక, గ్లాసు, కోపం, ఇల్లు! పౌలు దృష్టిలో డాక్ట్రిన్ అరలో పెట్టే పుస్తకం కాదు. సోమవారం ఉదయం మీరు ఎలా ఉంటారన్నదే డాక్ట్రిన్.

ఐదు ప్రధాన బోధలు, ఐదు అలవాట్లు. ఒక్కొక్కటీ మీకు మీరే అన్వయించుకోండి.

1. సృష్టి. ప్రతి మనిషీ దేవుని పోలికలో పుట్టాడు. ఇది నమ్మితే మీ వీధి ఊడ్చే అమ్మను పేరు పెట్టి పలకరిస్తారు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, ఒకే పాత్ర పంచుకుని, బయటికి రాగానే కులం అడగరు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మన నిజమైన డాక్ట్రిన్ ఏమిటో బయటపడుతుంది. అక్కడ మారండి.

2. పాపం. నాలో లోపం ఉందని ఒప్పుకునే బోధ ఇది. దీని అలవాటు ఒక చిన్న వాక్యం: "తప్పు నాది." ఆఫీసులో, ఇంట్లో, పిల్లల ముందు కూడా చెప్పండి. వివరణ తగిలించకండి. ఇంట్లో సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

3. కృప. దేవుడు మిమ్మల్ని మీ స్కోరు చూసి ప్రేమించలేదు. తిరుపతి కోచింగ్ సెంటర్లలో తెల్లవారుజామునే లేచి చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీరు బాగా వినండి. ర్యాంకు మీ పనికి కొలత. మీ విలువకు కొలత కాదు. కష్టపడి చదవండి. పడితే లేవండి. కృప తెలిసినవాడు త్వరగా లేస్తాడు.

4. దేవుని పాలన. పగ్గాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఈ వారం మార్కెట్‌లో టమోటా పెట్టెకు మంచి ధర పలికింది, వచ్చే వారం కోత కూలీ కూడా రాకపోవచ్చు. మీ వంతు పని మీరు చేయండి. లెక్క రాసుకోండి. అప్పు తగ్గించుకోండి. ఆ తర్వాత పడుకోండి. నిద్రపోవడం కూడా విశ్వాసమే.

5. పునరుత్థానం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం మొత్తం దీని గురించే. 58 వచనాలు. అంత పెద్ద బోధ ఎలా ముగిసిందో తెలుసా? ప్రభువు పనిలో స్థిరంగా ఉండండి, మీ కష్టం వృథా పోదు అని. సమాధి గురించిన బోధ చివరికి పని దగ్గరికి వచ్చి ఆగింది! ఎవరూ గుర్తించని పని చేస్తున్నారా? మానకండి.

సగం బోధ ప్రాణం మీదికి తెస్తుంది

ఒక విషయం గట్టిగా చెప్పాలి. "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు?" అనే మాట విని షుగర్ మాత్రలు ఆపేసిన ఒక పెద్దాయనను నేను దగ్గరగా చూశాను. కాలి మీద చిన్న పుండు. మూడు వారాల్లో పాదం నల్లబడింది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నా విశ్వాసం తక్కువైందా నాయనా?"

నొప్పి కన్నా ఆ ప్రశ్నే ఆయనను ఎక్కువ కుంగదీసింది. ఆయనకు ఎవరైనా పూర్తి బైబిల్ చూపించి ఉండాల్సింది. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి కడుపు జబ్బు వస్తే పౌలు అప్పటి ఇంటి వైద్యమే చెప్పాడు. త్రోఫిమును జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. అపొస్తలుడి పక్కనున్నవాళ్లకూ జబ్బులొచ్చాయి. దేవుడు స్వస్థపరుస్తాడు. మందు ద్వారా కూడా స్వస్థపరుస్తాడు. మన మదనపల్లెలో మిషన్లు ఆసుపత్రులు కట్టింది ఈ నమ్మకంతోనే.

ప్రార్థన చేయండి. మాత్ర వేసుకోండి. రెండూ విశ్వాసమే.

తెలుగు అచ్చు మొదలైందే హితబోధతో

హితబోధ మన భాషకు ఎంత పాత చుట్టమో తెలుసా? తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్ర చెప్పేవి 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో వచ్చాయి. వేయించినవాడు బెంజమిన్ షుల్జ్. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్న మిషనరీ. వాటిలో మార్టిన్ లూథర్ రాసిన 'చిన్న కేటకిజం' తెలుగు అనువాదం ఒకటి. అంటే మన అక్షరాలు అచ్చెక్కిన తొలినాళ్లలోనే విశ్వాసపు మూల పాఠాలు తెలుగులో అచ్చయ్యాయి!

లూథర్ ఆ పుస్తకం 1529లో రాశాడు. అంతకు ముందు సాక్సనీ పల్లెల్లో సంఘాలను పరిశీలిస్తే, జనానికి పది ఆజ్ఞలు తెలియవు, ప్రభువు ప్రార్థన తెలియదు. కొందరు పాస్టర్లకూ తెలియదు. ఆయన వాళ్లను తిట్టి ఊరుకోలేదు. ఇంటి పెద్ద పిల్లలను కూర్చోబెట్టి నేర్పగలిగేంత చిన్న పుస్తకం రాశాడు. ఒక్కో భాగం కింద దాని అర్థమేమిటో అడిగే ప్రశ్న, చిన్న జవాబు. అంతే.

1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు మన దక్షిణ ప్రాంతానికి తెచ్చింది ఆ పద్ధతినే. వాళ్ల పనిలోంచి ఎదిగిన సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి కేంద్రం మన తిరుపతే. మదనపల్లెలో ఆర్కాట్ మిషన్‌కు చెందిన డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ ఒకవైపు వైద్యం చేస్తూ, మరోవైపు తెలుగు బైబిల్ సవరణ పనిలో ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ఒక చేత్తో మందు, ఒక చేత్తో వాక్యం. మీరు ఏ సంఘానికి వెళ్లినా సరే, ఈ వారసత్వం మీది కూడా.

వినే ముందు ఐదు ప్రశ్నలు

బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పింది కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. బైబిల్ వాళ్లను మెచ్చుకుంది. ప్రశ్నించడం తిరుగుబాటు కాదు. ఏ ప్రసంగం విన్నా, ఏ రీల్ చూసినా ఈ ఐదూ అడగండి.

- ఈ వచనానికి పైన పది, కింద పది వచనాలు ఏం చెబుతున్నాయి?
- ఇందులో యేసు ఎక్కడ? సిలువ ఎక్కడ? లేక నా కోరిక ఒక్కటే ఉందా?
- చెరలో ఉన్నవాడికి, క్యాన్సర్ వార్డులో ఉన్నవాడికి కూడా ఇదే మాట చెప్పగలమా?
- ఇది నన్ను దేవుని మీద ఆనుకోమంటోందా, ఒక మనిషి మీద, ఒక నూనె సీసా మీద, ఒక ఫోన్‌పే నంబరు మీద ఆనుకోమంటోందా?
- ఇది నమ్మితే రేపు నేను మారాల్సిన ఒక్క అలవాటు ఏమిటి?

పాటలనూ అడగండి. నాలుగో శతాబ్దంలో ఆరియస్ తన తప్పు బోధను పాటలుగా కట్టి జనంలోకి వదిలాడని చరిత్ర చెబుతోంది. ట్యూన్ తలలోకి వెళ్తే దానితోపాటు బోధ కూడా వెళ్తుంది. అదే దారిలో మంచి బోధ కూడా వెళ్తుంది. పురుషోత్తమ చౌదరి లాంటివారి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఉన్నాయి. చదువు రాని మన అవ్వలు డాక్ట్రిన్ నేర్చుకున్నది అలాంటి పాటల నుంచే.

నాలుగు వారాల కోర్సు

రోజుకు 15 నిమిషాలు. ఫోన్ ఇంకో గదిలో. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను.

మొదటి వారం: ఒక పుస్తకం. తీతు పత్రిక. మూడే అధ్యాయాలు, 46 వచనాలు. ప్రతిరోజూ మొత్తం చదవండి, పైకి చదవండి. ఏడు రోజుల్లో ఏడుసార్లు. ఐదో రోజుకు పౌలు గొంతు వినబడుతుంది.

రెండో వారం: ఒక ప్రమాణం. అపొస్తలుల విశ్వాస ప్రమాణం. ఆదివారం నోరు చెబుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. రోజుకు ఒక్క వాక్యం తీసుకోండి. దాని అర్థం మీ మాటల్లో రెండు లైన్లు రాయండి.

మూడో వారం: ఒక ప్రశ్న. మిమ్మల్ని ఏళ్లుగా వేధిస్తున్న ప్రశ్న రాయండి. మంచివాళ్లకు కష్టాలెందుకు? నా ప్రార్థనకు జవాబెందుకు రాలేదు? దాన్ని మీ పాస్టర్ దగ్గరికి, సంఘ పెద్ద దగ్గరికి తీసుకెళ్లండి. "అయ్యగారూ, దీని గురించి బైబిల్ మొత్తంలో ఏముంది?" అని అడగండి. మంచి కాపరి సంతోషిస్తాడు.

నాలుగో వారం: ఒక శిష్యుడు. నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పండి. మీ పిల్లలు, తమ్ముడు, హాస్టల్ రూమ్మేట్, ఎవరైనా సరే. చెప్పబోతే మనకు ఎక్కడ తెలియదో తెలుస్తుంది. ముగ్గురు నలుగురు కలిసి చదివితే ఇంకా మంచిది.

ఒక హెచ్చరిక

బోధ తలకెక్కితే అహంకారం అవుతుంది. అందరి ప్రసంగాల్లో తప్పులు వెతికే మనిషిగా మారకండి. దయ్యాలకు కూడా దేవుడు ఒక్కడే అని తెలుసని యాకోబు రాశాడు. వాటికి డాక్ట్రిన్ ఉంది, జీవితం మారలేదు. మీ బోధ సరైనదా కాదా అని మీ ఇంట్లోవాళ్లను అడగండి. కోపం తగ్గిందా? మాట నిలబెట్టుకుంటున్నారా? అప్పు తీరుస్తున్నారా? ఆ జవాబులే మీ ప్రోగ్రెస్ రిపోర్టు. నీ జీవితాన్నీ నీ బోధనూ రెంటినీ జాగ్రత్తగా చూసుకోమని పౌలు తిమోతికి చెప్పింది అందుకే.

ఈ రాత్రే మొదలు

ఆ వాగ్దానం కార్డు ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. పర్సులోంచి తీసి యిర్మీయా 29వ అధ్యాయం దగ్గర పెట్టుకున్నాను. వచనం మారలేదు. ఇప్పుడు అది దాని ఇంట్లో ఉంది, అంతే. ర్యాంకు రాని ఆ ఏడాది కన్నా పెద్ద కష్టాలు తర్వాత వచ్చాయి. ఇంకెప్పుడూ బైబిల్ మూసేయలేదు.

మీ కార్డునూ దాని అధ్యాయంలోకి చేర్చండి. సోమవారం కోసం ఆగకండి, జనవరి ఒకటి కోసం ఆగకండి. ఈ రాత్రి భోజనం అయ్యాక తీతు పత్రిక తెరవండి. 46 వచనాలు, పది నిమిషాలు కూడా పట్టదు. కోర్సు మొదలుపెట్టండి. మధ్యలో ఆపకండి.